గట్టుకు తిరిగొచ్చే ఈత

పిల్లలకు నేర్పాల్సిన మొదటి ఈత, పడ్డచోటి నుంచి గట్టుకు తిరిగి రావడం. చేతులు ఎలా వేయాలి, ఎంత దూరం పోవాలి, ఎంత వేగంగా పోవాలి అన్నవన్నీ ఆ తర్వాతి సంగతులు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ వరస మరీ ముఖ్యం. ఇక్కడి పిల్లలు నీళ్లను వెతుక్కుంటూ పోనక్కర్లేదు, నీళ్లే ఇంటి పక్కనుంచి పోతుంటాయి. బడి దారిలో మేజర్ కాలువ, పొలం దగ్గర పిల్లకాలువ, ఊరి చివర చెరువు, చెలకలో పాడుబడ్డ మోటబావి, వాకిట్లో మూతలేని సంపు. వీటిలో ఏదో ఒకదాన్ని రోజూ దాటకుండా పెరిగే పిల్లలు తక్కువ.

ఈ నీళ్లన్నీ ఒక్కసారి వచ్చినవి కావు. మొదట చెరువులు. కాకతీయుల కాలంలో రేచర్ల ప్రభువుల గుళ్లు వెలసిన పిల్లలమర్రి మొదలుకొని పాత ఊళ్లన్నింటికీ ఒక చెరువు, దానికో కట్ట, తూము, అలుగు. చెరువు నీరు అందని పొలాలకు మోటబావులు. 1963లో సూర్యాపేటకు దగ్గర్లోని సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు పూర్తయింది. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరా గాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిన ఎడమ కాలువ హాలియా, వేములపల్లి మీదుగా మిర్యాలగూడ పొలాలను తడిపి, హుజూర్‌నగర్, మునగాల, కోదాడ వైపు సాగి, పాలేరు మీదుగా ఖమ్మం జిల్లాకు పోతుంది. మొదట్లో దాని సామర్థ్యం 11,000 క్యూసెక్కులు, అంటే సెకనుకు మూడు లక్షల లీటర్లకు పైగా. ఆ తర్వాత సూర్యాపేట, తుంగతుర్తి వైపు శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలూ వచ్చాయి.

మోటబావి పొలాన్ని తడపడమే కాదు, ఊరి పిల్లలకు ఈత కూడా నేర్పేది. ఇక్కడి పెద్దవాళ్లలో ఈత వచ్చినవాళ్లు చాలామంది బావిలోనే నేర్చుకున్నారు. వేసవి సెలవులు వచ్చి, బావిలో నీళ్లు దిగి, మెట్లు బయటపడ్డాక మేనమామో చిన్నాయనో పిల్లవాడి నడుముకు తాడు కట్టి, వీపుకు ఎండిన బెండ్లో సొరకాయ బుర్రలో కట్టి నీళ్లలోకి దించేవారు. తాడు కొస పెద్దాయన చేతిలో ఉండేది. రోజులు గడిచేకొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తగ్గేవి. తర్వాత తాడు వదులయ్యేది, ఒకనాటికి అదీ పోయేది. ఎవరూ పుస్తకంలో రాయకపోయినా ఇందులో మంచి బోధనా క్రమం ఉంది. ఒక్క పిల్లవాడి మీద ఒక పెద్దమనిషి కన్ను. ఆసరాను ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా తీసేయడం. రోజూ అదే చోటు, అవే నీళ్లు. చేతికందే దూరంలో మెట్టు. అదే బావిలో ఇంకో పద్ధతీ ఉండేది, భయపడుతున్నవాణ్ని వెనక నుంచి తోసేయడం. అలా తోస్తేనే ఈత వచ్చిందని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ తోపుకు బెదిరి మళ్లీ జన్మలో నీళ్ల దగ్గరికి పోనివాళ్లు తమ కథ చెప్పుకోరు. అందుకే ఆ పద్ధతికి లేని మంచిపేరు మిగిలింది.

కరెంటు మోటార్లు, వాటి వెనకే బోర్లు వచ్చాక మోటబావులు ఎండిపోయాయి. కొన్నింటిని పూడ్చారు, కొన్ని కంపచెట్ల మధ్య అలాగే తెరుచుకుని ఉన్నాయి. సాగర్ ఆయకట్టులోనైతే బావితో పనే తగ్గింది. నేర్పే మేనమామలు ఉద్యోగాలకు హైదరాబాదు పోయారు. నీళ్లు పెరిగిన నేల మీదే ఈత తరిగింది. బావి చోటును కాలువ తీసుకుంది కానీ, బావి నేర్పిన పాఠాన్ని కాలువ నేర్పలేదు. బావిలో నీళ్లు నిలకడగా ఉంటాయి, మునిగినవాడు మునిగినచోటే తేలతాడు. కాలువ నీళ్లు మనిషిని తీసుకునిపోతాయి. మట్టి కాలువకు గడ్డి పరకైనా చేతికందేది. 2010 తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో జరిగిన ఆధునికీకరణలో సాగర్ కాలువలకు చాలా చోట్ల సిమెంటు లైనింగు పడింది. చివరి భూములకు నీళ్లు అందాలంటే అది అవసరమే. అయితే ఏటవాలుగా, నునుపుగా, పాచిపట్టిన ఆ గోడ మీద పిల్లల చేతికి పట్టు దొరకదు, కాలికి నిలకడ దొరకదు. ఒడ్డు చేతికి తగులుతున్నా ఎక్కి రాలేకపోవడం లైనింగు కాలువతో వచ్చిన కొత్త కష్టం.

ఏటా వేసవిలో, పండుగ సెలవుల్లో పత్రికల జిల్లా పేజీల్లో ఈతకు వెళ్లి మునిగిపోయిన పిల్లల వార్తలు వస్తాయి. చదివిన తల్లిదండ్రులు పిల్లల్ని నీళ్ల దగ్గరికి పోవద్దంటారు. ఆ భయం సహజం. కానీ కాలువ గట్టునే బడికి పోయే పిల్లకు నీళ్ల దగ్గరికి పోవద్దనడం వీధిలోకి పోవద్దనడంతో సమానం. పైగా ఆ మాటతో పెరిగిన పిల్లలు పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఇంట్లో చెప్పకుండా, ఈత రాని స్నేహితులతో కలిసి, పెద్దవాళ్లు లేని చోటు చూసుకుని దిగుతారు. నీళ్లలో ఇంతకు మించిన ప్రమాదకరమైన కలయిక లేదు. నేర్పకుండా నిషేధించడం కంటే, నేర్పి షరతులు పెట్టడమే ఈ ప్రాంతానికి తగిన దారి.

ఐదేళ్లలోపు పిల్లల సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2021లో నీటమునిగి దాదాపు 3 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో సుమారు నాలుగోవంతు ఐదేళ్లలోపువాళ్లు. భారతదేశంలో జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలోకి వచ్చిన మునక మరణాలే ఏటా 30 వేలకు పైన ఉంటున్నాయి. చిన్నపిల్లలు మునగడానికి చెరువే అక్కర్లేదు. ఈ వయసులో ఒంటి మొత్తానికి తల బరువు ఎక్కువ. బకెట్లోకి, గోలెంలోకి, సంపులోకి తొంగి చూసిన పిల్ల తలకిందులుగా పడితే తనంతట లేవలేదు. జానెడు నీళ్లు చాలు. మునిగే పిల్లలు అరుస్తారని, చేతులు పైకెత్తి కొట్టుకుంటారని పెద్దలు అనుకుంటారు. అమెరికా లైఫ్‌గార్డు ఫ్రాంక్ పియా 1970ల్లోనే గమనించి చెప్పినదాని ప్రకారం అసలు మునక చప్పుడు లేకుండా జరుగుతుంది. ఊపిరే అందని నోటికి అరుపు రాదు. చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి తప్ప పిలవడానికి లేవవు. ఇరవై సెకన్ల నుంచి ఒక నిమిషంలోపే పిల్ల నీళ్ల కిందికి పోతుంది. వంటింట్లో పోపు వేసి వచ్చేంత సమయం కూడా కాదు.

అందుకే ఈ వయసు పిల్లలకు ఈత కంటే ముందు కావాల్సింది అడ్డు, తోడు. సంపుకు పిల్లలు ఎత్తలేని మూత, బకెట్లో నీళ్లు వాడగానే పారబోయడం, నీటి గుంటకు కంచె, పాడుబడ్డ బావికి గోడ. తోడు విషయంలో సాగర్ ఆయకట్టుకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కాలువలకు నీళ్లు వదిలే రోజులూ నాట్ల రోజులూ ఒకటే. అమ్మలు మోకాలి లోతు బురదలో వంగి నాటు వేస్తుంటే పసిపిల్లలు పొలం గట్టున, పిల్లకాలువ పక్కన ఆడుకుంటుంటారు. బంగ్లాదేశ్ పల్లెల్లో తల్లులు పనిలో ఉండే ఉదయపు గంటల్లోనే పసివాళ్లు ఎక్కువగా మునిగిపోతున్నారని గుర్తించి, ఆ వేళల్లో పిల్లల్ని ఒకచోట చేర్చి చూసుకునే ఆంచల్ కేంద్రాలు పెట్టారు. ఇక్కడ అంగన్‌వాడీలు ఊరూరా ఉన్నాయి. నాట్ల నెలలో అవి ఉదయం ముందుగా తెరిచి, సాయంత్రం ఆలస్యంగా మూస్తే చాలు, గట్టు మీద పసివాళ్లు ఉండరు. ఈత పాఠాల కంటే ముందు ఊరు అడగాల్సింది ఇదే.

నీళ్లతో స్నేహం మాత్రం ఈ వయసులోనే మొదలుపెట్టవచ్చు. ఇందుకు కొలను అక్కర్లేదు, తలంటు చాలు. పండగనాడు చెంబుతో తల మీద నీళ్లు పోసేటప్పుడు పిల్లలు ఏడవడం, కళ్లు గట్టిగా మూసుకోవడం, నోరు తెరిచి నీళ్లు మింగడం మామూలే. పోసే ముందు ఒకటి, రెండు, మూడు అని లెక్కబెట్టి, మూడుకు నోరు మూసుకోమని, నీళ్లు ముఖం మీదుగా జారిపోయాక ఊపిరి పీల్చుకోమని అలవాటు చేస్తే సగం పని అయినట్టే. ముఖాన పడ్డ నీళ్లను తుడుచుకోవడానికి వెంటనే చేతులు లేపకుండా, రెప్పలాడించి చూడటం అలవాటైన పిల్లకు తర్వాత కొలనులో మునక కొత్తగా ఉండదు. పుట్టిన కొన్ని నెలల దాకా శిశువులు నీళ్లలో ముంచితే ఊపిరి బిగబట్టి కాళ్లాడిస్తారు. అది పుట్టుకతో వచ్చే ప్రతిచర్య, ఆరు నెలలు దాటేసరికి పోతుంది. దాన్ని ఈతగా చూపించే వీడియోలు చూసి పసివాళ్లను ముంచడం ప్రమాదం.

నాలుగేళ్లు దాటాక చాలామంది పిల్లలు చెప్పిన మాట విని, వరసగా రెండు మూడు పనులు చేయగలుగుతారు. అసలు పాఠాలకు అది మంచి వయసు. ఆరేళ్లకు మొదలుపెట్టినా ఏ నష్టం లేదు, అప్పుడు ఇంకా త్వరగా వస్తుంది. ఫిట్స్ వచ్చే పిల్లలను, చెవిలో చీము కారే పిల్లలను మాత్రం వైద్యుణ్ని అడిగాకే దించాలి. పాఠం అరగంట మించకూడదు. పెదవులు నీలంగా మారి, పళ్లు టకటకమంటుంటే అక్కడితో ఆపాలి. చలికి ముడుచుకుపోయిన ఒళ్లు ఏదీ నేర్చుకోదు.

మొదటి పాఠం ఊపిరి. ఈత రానివాళ్లందరూ చేసే తప్పు నీళ్లలో ఊపిరి బిగబట్టి, పైకి రాగానే ఒక్కసారే వదిలి పీల్చాలని చూడటం. ఆ క్షణంలో రెండూ కుదరవు, నీళ్లు గొంతులోకి పోతాయి. ముక్కు, నోరు నీళ్లలో ఉన్నప్పుడు నెమ్మదిగా వదలాలి, బయటికి రాగానే పీల్చాలి. పిల్లలకు ఇది బుడగల ఆటగా వస్తుంది. నడుము లోతు నీళ్లలో గట్టు పట్టుకుని, గడ్డం ముంచి బుడగలు, తర్వాత ముక్కు ముంచి బుడగలు, తర్వాత తల మొత్తం ముంచి బుడగలు. పది బుడగల మునకలు వరసగా, హడావిడి లేకుండా చేయగలిగే దాకా ముందుకు పోకూడదు. చాలామంది నేర్పేవాళ్లు ఒక్కరోజులో దాటేసే ఈ పాఠానికి నిజానికి వారం పట్టినా తప్పులేదు. ఊపిరి కుదిరిన పిల్లకు మిగతావన్నీ కుదురుతాయి. కుదరని పిల్ల నాలుగు మూరలు ఈదినా ఆయాసంతో ఆగిపోతుంది. ఇక్కడే ఇంకో మాట. కాస్త పెద్ద పిల్లలు ఎవరు ఎక్కువసేపు మునుగుతారో చూద్దామని పందెం కడతారు. మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదిలితే ఎక్కువసేపు ఉండగలమని ఒకరికొకరు చెప్పుకుంటారు. అలా చేస్తే ఊపిరి కావాలని ఒళ్లు చెప్పేలోగానే స్పృహ పోతుంది. ఈత బాగా వచ్చిన పిల్లలు కూడా ఇలా మునిగిపోతారు. ఆ పందెం ఒక్కటి మాత్రం ఖచ్చితంగా నిషేధించాల్సిందే.

రెండో పాఠం వెల్లకిల తేలడం. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క విద్యే నేర్పగలిగితే నేర్పాల్సింది ఇదే. ఊపిరి నిండుగా పీల్చిన మనిషి ఒళ్లు నీళ్ల కంటే కాస్త తేలిక. భయంతో తల పైకెత్తగానే నడుము కుంగుతుంది, కాళ్లు దిగిపోతాయి, మనిషి నిలువుగా మునుగుతాడు. తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో ఉంచి, గడ్డం ఆకాశం వైపు, పొట్ట పైకి పెడితే నీళ్లే మోస్తాయి. చెవుల్లోకి నీళ్లు పోవడం పిల్లలకు మొదట నచ్చదు. నేర్పేవాళ్లు వెనక నిలబడి పిల్ల తలను భుజం మీద ఆనించుకుని, చెంపకు చెంప తగిలేలా ఉంచి, మెల్లగా మాట్లాడుతూ రెండడుగులు వెనక్కి నడవాలి. తర్వాత భుజం తీసి వీపు కింద అరచెయ్యి. తర్వాత తల కింద రెండు వేళ్లు. తర్వాత అవీ తీసి, తీసినట్టు చెప్పడం. బావిలో మేనమామ బెండ్లు తగ్గించిన క్రమం ఇదే. తీసేశాక చెప్పకుండా మోసగించి, తర్వాత నవ్వడం మంచిది కాదు. నేర్పేవాళ్ల మాట మీద నమ్మకం పోయిన పిల్ల ఒళ్లు మళ్లీ బిగుసుకుంటుంది. ముప్పై సెకన్లు కదలకుండా తేలి, నిదానంగా ఊపిరి తీసుకోగలిగితే చాలు, ఎవరైనా వచ్చేదాకా నిలిచే శక్తి ఆ పిల్లకు వచ్చినట్టే.

పడే పిల్ల వెల్లకిల పడదు, బోర్లా పడుతుంది. కాబట్టి మూడో పాఠం తిరగడం. ముఖం నీళ్లలో ఉండగా తల ఒక పక్కకు తిప్పి, భుజంతో ఒళ్లంతా దొర్లించి వెల్లకిల కావాలి. ఊపిరి తీసుకుని, మళ్లీ బోర్లా తిరిగి కాళ్లు కొట్టాలి. కాళ్లు మోకాళ్ల దగ్గర సైకిలు తొక్కినట్టు కాక తొడల నుంచి కదలాలి. అలసిపోగానే మళ్లీ వెల్లకిల. ఇలా దొర్లుతూ, కొడుతూ, ఆగుతూ గట్టు చేరాలి. చేతులు కుక్క ఈతలా ఆడినా పర్వాలేదు. ఫ్రీస్టయిల్, బ్రెస్ట్ స్ట్రోక్ లాంటివి అందంగా రావడానికి ఏళ్లు పడతాయి, పోటీలకు పోయే పిల్లలకు అవి కోచ్ నేర్పుతాడు. గట్టు చేరాక మాత్రం ఒక చిన్న విద్య ఉంది, దాన్ని ఎవరూ విడిగా నేర్పరు: మెట్లు లేనిచోట ఎక్కడం. మోచేతులు రెండూ గట్టు మీద వేసి, పొట్ట ఈడ్చి, మోకాలు పైకి తెచ్చి పాకడం. ఎక్కలేనిచోట గట్టు పట్టుకుని, చేతి తర్వాత చెయ్యి వేస్తూ మెట్ల దాకా జరగడం. ప్రతి పాఠం చివర పిల్ల తనంతట తానే బయటికి ఎక్కాలి, చంకలో చెయ్యి వేసి లాగకూడదు.

ఈ పాఠాలన్నీ ఈతదుస్తుల్లో అయ్యాక ఒకటి రెండుసార్లు బడి బట్టల్లో చేయించాలి. కాలువలో పడే పిల్ల లంగా వోణీలోనో, స్కూలు ప్యాంటు చొక్కాలోనో, కాలికి చెప్పులతోనో పడుతుంది. తడిసిన బట్ట కాళ్లకు చుట్టుకుంటుంది. అది ఎలా ఉంటుందో మొదటిసారి కాలువలో తెలియకూడదు. ఊరూరా కాలువలున్న నెదర్లాండ్స్‌లో పిల్లలు నాలుగైదేళ్లకే ఈత తరగతులకు పోతారు. అక్కడి మొదటి ఈత డిప్లొమా పరీక్షలో కొంత భాగం బట్టలు, బూట్లు వేసుకునే ఈదాలి. అక్కడి కాలువలు ఏ కారణానికి ఆ నియమం పెట్టించాయో, ఇక్కడి కాలువలకూ ఆ కారణం ఉంది.

కొలనులో పాసైన పిల్ల కాలువకు పనికొచ్చినట్టు కాదు. కొలనులో అడుగు కనిపిస్తుంది, నీళ్లు కదలవు, గోడ నిటారుగా ఉండి పట్టుకోవడానికి అంచు ఉంటుంది. కాలువ గురించి పిల్లలకు నీళ్లలో కాక గట్టు మీద నిలబెట్టి చెప్పాలి. నీళ్లు వదిలిన రోజున ఒక ఎండుటాకు వేసి, దాని పక్కన పరుగెత్తమంటే వేగం ఎంతో తెలుస్తుంది. పెద్ద మొక్కజొన్న కంకి వేసి చూపిస్తే, నీళ్లు వస్తువును ఎలా లాక్కుపోతాయో కనిపిస్తుంది. పడితే ప్రవాహానికి ఎదురీదకూడదు. వెల్లకిల తేలి, పాదాలు ముందుకు పెట్టి, కొట్టుకుపోతూనే ఏటవాలుగా ఒడ్డు వైపు జరగాలి. ఎదురీదే మనిషి ఉన్నచోటే అలసిపోతాడు. రేవు మెట్లు ఎక్కడున్నాయి, వంతెన ఎక్కడుంది, బట్టలుతికే బండ ఎక్కడుంది అన్నది బడి దారిలో ప్రతి పిల్లకూ తెలిసి ఉండాలి. షట్టర్ల దగ్గర, తూముల దగ్గర, నీళ్లు కిందికి దూకే డ్రాపుల కింద, యూటీల (అండర్ టన్నెళ్ల) దగ్గర గజ ఈతగాళ్లు కూడా దిగకూడదు. అక్కడ నీళ్లు మనిషిని కిందికి లాగుతాయి. కాలువకు నీళ్లు ఆపేశాక కూడా డ్రాపుల కింద మడుగులు నిలుస్తాయి, వేసవిలో పిల్లలను పిలిచేవి అవే.

ఆసరాల విషయంలో పాతవాళ్ల బెండ్లకు ఉన్న గుణం కొత్త వస్తువులకు లేదు. చేతులకు తొడిగే గాలి సంచులు పిల్లను నిలువుగా నిలబెడతాయి. నిలువుగా ఉండటం మునిగే ఒళ్లు ఉండే తీరు, తేలే ఒళ్లు ఉండే తీరు కాదు. లారీ ట్యూబులో కూర్చున్న పిల్లకు ఈత వచ్చిన ధైర్యం వస్తుంది, ఈత రాదు. ట్యూబు బోల్తా పడితే కాళ్లు పైకి, తల కిందికి అవుతుంది. మూత బిగించిన ఖాళీ డబ్బా మాత్రం మంచిదే, ఛాతీ కింద పెట్టుకుని కాళ్లు కొట్టడం నేర్పడానికి పనికొస్తుంది, అయితే నిలబడగలిగే లోతులోనే. ఏ ఆసరా ఉన్నా నేర్పేవాళ్ల చెయ్యి అందే దూరంలో ఉండాలి. ఆ చేతిలో ఫోను ఉండకూడదు.

ఎక్కడ నేర్పాలి అన్నది పల్లెల్లో పెద్ద ప్రశ్న. పట్టణంలో డబ్బు కట్టి కొలనుకు పంపగలవాళ్లు కొందరే. బంగ్లాదేశ్‌లో ఇలాంటి ఊళ్లకే సరిపడే పద్ధతి ఒకటి 2000ల మధ్యలో మొదలై నిలిచింది. ఊరి చెరువులో ఒక మూల వెదురు బొంగులతో చుట్టూ దడి, అడుగున వెదురు తడక అమర్చి, పిల్లల ఛాతీ లోతులో ఒక చిన్న కొలను లాంటిది చేస్తారు. ఊరి యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి నేర్పిస్తారు. ఇరవై ఐదు మీటర్లు ఈదడం, ముప్పై సెకన్లు తేలడం, మునుగుతున్నవాళ్లకు గట్టు మీది నుంచే కర్ర అందించడం, ఇవే పరీక్షలు. అలా నేర్చుకున్న పిల్లల్లో మునక మరణాలు బాగా తగ్గాయని అక్కడి అధ్యయనాలు చూపాయి. ఆరేళ్లు దాటిన పిల్లలందరికీ ఈత, నీటి జాగ్రత్త, రక్షణ నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆ అనుభవమూ ఒక కారణం.

సూర్యాపేట జిల్లా చెరువుల్లో అలాంటి దడి కట్టడం కష్టమైన పనేం కాదు. చోటు ఎంచుకోవడంలోనే జాగ్రత్త కావాలి. 2015లో మొదలైన చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయలోనూ, ఇటుక బట్టీలకు మట్టి తీసుకెళ్లడంలోనూ చాలా చెరువుల అడుగు ఎగుడుదిగుడు అయింది. రెండడుగుల లోతు పక్కనే పదిహేనడుగుల గుంత ఉండవచ్చు. ఎండాకాలంలో చెరువు దాదాపు ఎండినప్పుడు నడిచి చూసి గుర్తు పాతుకోవాలి. నిండాక కర్రతో పొడిచి చూడటం సరిపోదు. తూముకు దూరంగా, గుర్రపుడెక్క, తామర తూడులు, చేపల వలలు లేనిచోట, మురుగు కలవనిచోట ఉండాలి. నేర్పేవాళ్లలో ఒక్కొక్కరికి నలుగురైదుగురు పిల్లల కంటే ఎక్కువ అప్పగించకూడదు. ఊళ్లోని ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల్లో చెరువు అడుగు అంగుళం అంగుళం తెలిసినవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకు వేసవి రెండు నెలలు గౌరవంగా జీతమిచ్చి నేర్పించమంటే ఊరికి అంతకంటే మంచి గురువులు దొరకరు. శవాలను వెలికితీయడానికే వాళ్లను పిలిచే ఆనవాయితీ మారాలి.

పాత పద్ధతిలో ఉన్న పెద్ద లోటు ఆడపిల్లలు. బావిలో బెండ్లు కట్టి దించింది మగపిల్లలనే. చెరువు దగ్గర ఎక్కువ సేపు గడిపేది మాత్రం ఆడవాళ్లు. బట్టలుతకడం, గేదెలను కడగడం, పిల్లలకు స్నానాలు, అన్నీ రేవులోనే. ఒక పిల్ల జారితే అక్క దిగుతుంది, అక్క కోసం తల్లి దిగుతుంది. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురు పోయే ప్రమాదాలు ఇలా జరిగేవే. బతుకమ్మ పండుగ చెరువులు నిండుగా ఉండే భాద్రపద, ఆశ్వయుజాల్లో వస్తుంది. సూర్యాపేట సద్దుల చెరువు దగ్గర సద్దుల బతుకమ్మ నాడు ఎంతమంది ఆడపిల్లలు నీటి అంచున నిలబడతారో తెలిసినవాళ్లు వాళ్లకు ఈత వద్దనలేరు. ఆడపిల్లలకు నేర్పేవాళ్లు ఆడవాళ్లే కావడం, వాళ్లకు వేరే సమయం ఉండటం, పంజాబీ డ్రెస్సులో దిగడానికి అనుమతి ఉండటం, ఈ మూడూ ఉంటే ఇళ్లలో అభ్యంతరం చాలా వరకు పోతుంది. తల్లులకూ అదే సమయంలో నేర్పాలి. వయసు అడ్డం కాదు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని ఈదిన హైదరాబాదు వాసి గోలి శ్యామల ఈత నేర్చుకున్నది నడివయసులోనే.

ఈత వచ్చిన పిల్లకు చివరగా చెప్పాల్సింది, మునుగుతున్నవాళ్ల కోసం దూకవద్దని. మునిగే మనిషి అందినదాన్ని కావలించుకుంటాడు. పదేళ్ల పిల్ల ఎంత బాగా ఈదినా ఆ పట్టు విడిపించుకోలేదు. గట్టు మీద బోర్లా పడుకుని కర్ర, చున్నీ, చీర కొంగు, కండువా అందించాలి. అందకపోతే మూత బిగించిన ఖాళీ డబ్బా, ట్యూబు, తాడు విసరాలి. పెద్దగా కేకలు వేసి పెద్దవాళ్లను పిలవాలి. ప్రతి రేవు దగ్గరా చెట్టుకు ఒక తాడు, ఒక డబ్బా కట్టి ఉంచడానికి పంచాయతీకి అయ్యే ఖర్చు చెప్పుకోదగ్గది కాదు.

బయటికి తీసిన పిల్లను తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించడం ఇప్పటికీ చూస్తుంటాం. అందులో పోయేది విలువైన సమయం. పిల్ల ఊపిరి తీసుకోవడం లేదంటే వెల్లకిల పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వాల్చి, ముక్కు మూసి, ముందు నోట్లోకి ఊపిరి ఊదాలి. గుండె జబ్బుతో పడినవారిలా కాదు, మునిగినవారికి కావాల్సింది మొదట గాలి. తర్వాత ఛాతీ మధ్యలో, మూడోవంతు లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. ముప్పై నొక్కులకు రెండు ఊపిర్లు. ఇంకొకరు 108కు ఫోను చేయాలి. వాహనం వచ్చేదాకా ఆపకూడదు. తేరుకున్న పిల్లనూ ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీటి ఇబ్బంది కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

ఒకసారి వచ్చిన ఈత పూర్తిగా పోదంటారు. పెద్దవాళ్ల విషయంలో అది చాలా వరకు నిజం. పిల్లల విషయంలో అలా అనుకోకూడదు. ఏడాదిలో ఒళ్లు పెరుగుతుంది, బరువు మారుతుంది, కిందటి వేసవిలో ముప్పై సెకన్లు తేలిన పిల్ల ఈ వేసవిలో పదికే కుంగిపోవచ్చు. కాబట్టి ప్రతి ఏడూ వానాకాలం నీళ్లు కాలువలకు వదిలేలోగా పిల్లలను మళ్లీ ఒకసారి దించి చూడాలి: బట్టలతో పడటం, దొర్లి తేలడం, గట్టు చేరడం, ఎక్కడం. నాలుగూ కుదిరిన పిల్ల కూడా పెద్దవాళ్లు లేకుండా కాలువలో దిగకూడదు. కుదరని పిల్లకు ఆ వారమే మళ్లీ బుడగల నుంచి మొదలుపెట్టాలి.